ఆరు వెనక తోక

హాస్టల్, కిటికీ పక్క మంచం
ఆదివారం

లెక్కల మామయ్యకి,

వచ్చిన రోజే మా అందరి ఫోన్లూ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారని అమ్మ చెప్పే ఉంటుంది. ఆదివారం ఉత్తరం రాసుకోవచ్చు, అంతే. నా చేతిరాత కోడి కెలికినట్టుందని వెక్కిరించకు. నీది చూస్తే ఆ కోడి కూడా సిగ్గుపడుతుంది.

నేను బాగున్నాను. తెల్లారకముందే లేపి మైదానం చుట్టూ పరిగెత్తిస్తారు. తర్వాత బీమ్. అదే, నువ్వు పిల్లి నడిచే గోడ అంటావే, ఆ సన్న దూలం. ఇప్పుడు దాని మీద వెనక్కి పల్టీ కొట్టి నిలబడగలుగుతున్నాను. మొదట్లో కింద పడ్డప్పుడల్లా మన పాత జిమ్నాస్టిక్స్ హాల్లో పరుపే గుర్తొచ్చేది. చిరిగిపోయినా అది మెత్తగా ఉండేది.

ఒక్క సంగతి మాత్రం బాగాలేదు. ఇక్కడ నన్ను 'మామయ్య సీటు' అని పిలుస్తున్నారు. ఇక్కడున్న ఒక్క సీటుకి సెలక్షన్స్ పెట్టిన రోజు బోర్డు మీద నాకూ నా నేస్తం పొడుగుకీ ఒకే కోత పడిందట, సున్నా పాయింట్ ఆరు, సున్నా పాయింట్ ఆరు. అయినా కంప్యూటర్ నన్నే పైన పెట్టిందట. ఆ కంప్యూటర్‌కి లెక్క నేర్పింది మా మామయ్యేనట. ఎవరో చూసొచ్చి చెప్పారు. నేను నవ్వేశాను గానీ మొహం కందగడ్డలా అయిపోయిందని నాకే తెలిసింది. సమానంగా వస్తే ఇద్దరూ మళ్ళీ బీమ్ ఎక్కాలని రూలు ఉంది కదా? మరి మమ్మల్ని ఎందుకు ఎక్కించలేదు? నువ్వు మైకులో ఏదో చెప్పావు. సంతోషంలో నా చెవికి ఎక్కలేదు. అది కాస్త రాసి పంపు, వీళ్ళకి చదివి వినిపిస్తాను.

పొడుగు ఎలా ఉంది? రెండు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికీ జవాబు లేదు. నువ్వు ఆఫీసుకి వెళ్ళేది హాలు ముందు నుంచే కదా, ఒకసారి తొంగి చూడు. వాళ్ళమ్మని, మన కుట్టు అత్తని, అడిగానని చెప్పు. ఆవిడ కుట్టిన డ్రెస్సుకి ఇంకా ఒక్క కుట్టు కూడా ఊడలేదు.

నీ ఉడత


మేడ మీద గది
బుధవారం

ఉడత దొరసానికి,

నీ ఉత్తరం మీ అమ్మ చదివి, నాకిచ్చి, మళ్ళీ లాక్కుని చదివింది. పల్టీ సంగతి పక్కింటికి కూడా చేరిపోయింది.

మామయ్య సీటా? చేతకానమ్మకి చేష్టలెక్కువ అని ఊరికే అన్నారా! వాళ్ళకి ఇలా చదివి వినిపించు. బీమ్ దగ్గర ముగ్గురు జడ్జీలు వరసగా కూర్చుంటారు. ఒక్కొక్కరూ కనబడ్డ తప్పుకి కొంత కోస్తారు. ఆ మూడు కోతలూ కలిపి, తక్కువ కోత పడ్డవాళ్ళని పైన పెట్టడమే నా ప్రోగ్రాం పని. బోర్డు మీద పాయింట్ తర్వాత ఒక్క అంకెకే చోటుంది. కంప్యూటర్ లోపల మాత్రం పదిహేను, పదహారు అంకెల దాకా లెక్క సాగుతుంది. మీ ఇద్దరికీ పైకి కనబడింది ఆరే. లోపల పొడుగు కోత నీకన్నా వెంట్రుకవాసి ఎక్కువ. మన కంటికి కనబడనంత మాత్రాన తేడా లేనట్టు కాదు. మనుషులకి మొహమాటాలుంటాయి, యంత్రానికి ఉండవు. ఇదే మైకులో చెప్పాను. జనం చప్పట్లు కూడా కొట్టారు.

మీ కోచ్ సార్ అడిగాడని ఊరికే రాసిచ్చిన ప్రోగ్రాం అది. అలాంటివి నాకు ఎడమచేతి పని. ఇప్పుడు పక్క క్లబ్బు వాళ్ళు కూడా అడుగుతున్నారు.

పొడుగు బాగానే ఉండి ఉంటుంది. హాలు ముందు బోలెడు సైకిళ్ళున్నాయి, అందులో తనదీ ఉండే ఉంటుంది. జవాబు రాయడానికి బద్ధకమేమో. అందరూ నీలా వాగుడుకాయలు కారు.

లెక్కల మామయ్య


హాస్టల్
ఆదివారం

మామయ్యా,

నీ ఉత్తరం గదిలో అందరికీ గొంతెత్తి చదివాను. పదహారు అంకెలు అనగానే నోళ్ళు మూతపడ్డాయి. ఒక వారం తల ఎత్తుకుని తిరిగాను. కానీ మంచం ఎక్కగానే ఒక ప్రశ్న వచ్చి కూర్చునేది. జడ్జీలు ఇచ్చినవి పాయింట్ తర్వాత ఒక్క అంకె ఉన్న మార్కులే కదా. మరి ఆ వెంట్రుక ఎక్కడి నుంచి వచ్చింది?

మొన్న కంప్యూటర్ క్లాసులో కూడికలు చేయించారు. నా కోతలు నాకు కంఠతా వచ్చు. మొదటి జడ్జీ మూడు, రెండో జడ్జీ రెండు, చివరి జడ్జీ ఒకటి, అన్నిటి ముందూ సున్నా పాయింట్. ఆ వరసలోనే కొట్టాను. సున్నా పాయింట్ ఆరు అని వచ్చింది. తర్వాత పొడుగువి కొట్టాను. తనకి మొదటాయన ఒకటి, తర్వాత రెండు, చివరాయన మూడు. సున్నా పాయింట్ ఆరు వచ్చి, దాని వెనక బోలెడు సున్నాలు, చిట్టచివర ఒక ఒకటి వచ్చింది. తోకలాగా.

అవే మూడు అంకెలు మామయ్యా. వరస ఒక్కటే వేరు.

నా వేలు తప్పుగా పడిందేమోనని చెరిపి మళ్ళీ కొట్టాను. మళ్ళీ తోక. టీచర్‌ని పిలిచి చూపించాను. ఆయన నవ్వి, కంప్యూటర్‌లో పాయింట్ అంకెలు ఇలాగే వస్తాయి, ప్రోగ్రాం రాసేవాళ్ళందరికీ ఇది తెలుసు అన్నాడు. తెలియకపోతే? అని అడిగాను. తెలియనివాళ్ళు రాయకూడదు అన్నాడు. ఎవరి గురించి అడిగానో ఆయనకి చెప్పలేదు.

నువ్వు చెప్పిన వెంట్రుక ఇదేనా? వీళ్ళు అంటున్నదే నిజమా?

ఉడత


మేడ మీద గది

ఉడతకి,

ఉత్తరం అందింది. ఆఫీసులో ఊపిరి ఆడని పని. నువ్వు అడిగింది తీరిగ్గా చూడాలి, అదంత సులువైన విషయం కాదు. క్లాసులో కంప్యూటర్లు పాతవి కూడా అయి ఉండొచ్చు. నువ్వు ఇవన్నీ బుర్రలో పెట్టుకోకుండా ప్రాక్టీసు మీద దృష్టి పెట్టు. అమ్మ అడిగానంది.

మామయ్య


హాస్టల్
ఆదివారం

మామయ్యా,

నీ ఉత్తరాల్లో వెక్కిరింత లేనిది ఇదొక్కటే. అందుకే నువ్వు చూసేశావని అర్థమైంది. తేలు కుట్టిన దొంగలా ఎన్నాళ్ళుంటావు? పొడుగు సంగతి కూడా రాయలేదు.

ఇక్కడ వాళ్ళు 'మామయ్య సీటు' అంటే ఇప్పుడు నాకు కోపం రావడం లేదు. కోపం వస్తేనే బాగుండేది.

ఉడత


మేడ మీద గది
శనివారం

అమ్మలూ,

చూశాను. నీ ఉత్తరం వచ్చిన రోజే, చొక్కా కూడా మార్చుకోకుండా కొట్టి చూశాను. తోక వచ్చింది. తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత నీకు రాసిన ఉత్తరంలో ఒక్క ముక్క నిజం లేదు, అమ్మ అడిగానందన్న మాట తప్ప.

నీకు అర్థమయ్యేలా చెప్పాలి. కుట్టు అత్త గుడ్డ మడతపెట్టడం చూశావుగా. సగానికి మడిస్తే అర, మళ్ళీ మడిస్తే పావు, మళ్ళీ మడిస్తే అరపావు. కంప్యూటర్ దగ్గరున్న కొలతలు అవే, సగాలూ, సగంలో సగాలూ. అర కావాలంటే కచ్చితంగా దొరుకుతుంది. పదోవంతు కావాలంటే మాత్రం ఎన్ని మడతలు కలిపినా సరిగ్గా దాని మీదికి రాదు. కాస్త ఇటో, కాస్త అటో. ఒక్కో అంకెకి దాని దగ్గరున్న చోటు కొంచెమే, అందుకని ఎక్కడో ఒకచోట ఇక చాల్లే అని ఆపేస్తుంది. మనం సున్నా పాయింట్ ఒకటి అని కొడితే, అది దాచుకునేది దానికి బాగా దగ్గరున్న ఇంకో అంకెని. కలిపిన ప్రతిసారీ మళ్ళీ అలాగే సర్దుకుంటుంది. నీకు ముందు మూడూ రెండూ కలిశాయి, సర్దుబాట్లు ఒకదానికొకటి చెల్లిపోయి సరిగ్గా అర వచ్చింది. తనకి ముందు ఒకటీ రెండూ కలిశాయి, మూడు మీద పిసరు మిగిలింది. ఆ పిసరు చివరిదాకా వెంట వచ్చింది.

జడ్జీల తేడా కాదు, మీ కాళ్ళ తేడా కాదు. ఆ చివరా ఈ చివరా ఉన్న జడ్జీలు కుర్చీలు మార్చుకుని కూర్చుని ఉంటే ఈపాటికి నువ్వు ఇంట్లో ఉండేదానివి, తను అక్కడ ఉండేది.

ఇంకా సిగ్గుచేటైన మాట ఒకటుంది. ఇది నాకు తెలియనిది కాదు. కాలేజీలో చెప్పారు, పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇదంతా రాకెట్లు పంపేవాళ్ళకి గానీ పిల్లల పోటీకి ఎందుకులే అనుకున్నాను. పదోవంతుల్ని ఒకటి, రెండు, మూడు అని పూర్తి అంకెలుగా కలిపితే ఏ తోకా ఉండదు. అంత చిన్న పని. నేను అది చెయ్యకపోగా, మైకు పట్టుకుని ఆ తోకనే గొప్పగా చూపించాను. ఆ రోజు పొడుగు మెట్ల దగ్గర నిలబడి మేమిద్దరం సమానమే కదండీ అంది. నేను నవ్వి, నీకు కనబడదులే అమ్మా అన్నాను.

తన సంగతి కూడా చెప్తాను. సైకిళ్ళ మాట ఊరికే రాశాను, నేను ఆగనే లేదు. నీ తోక ఉత్తరం వచ్చాక ఆగాను. తను సెలక్షన్స్ అయిన కొద్ది రోజులకే హాలు మానేసిందని కోచ్ సార్ అన్నాడు. ఇప్పుడు వాళ్ళమ్మ కొట్లో గుండీలు కుడుతోంది. రోడ్డు అవతలి నుంచి చూశాను. కొట్టు లోపలికి వెళ్ళే మొహం లేక వెనక్కి తిరిగాను. అప్పటి నుంచి ఆఫీసుకి వేరే దారిన పోతున్నాను.

అక్కకి చెప్పాను. చేతిలో గిన్నె కిందపెట్టి, "ఎవరికైనా చెప్పావా?" అంది. లేదన్నాను. "చెప్పకు. పిల్ల కష్టపడింది, దాని నోటి దగ్గర కూడు తియ్యకు" అంది. పిల్ల కష్టపడిన మాట నిజమే. నాకు ఏమీ తోచడం లేదు. సీటు నీది, బతుకు నీది. నువ్వు ఎలా అంటే అలా చేస్తాను.

మామయ్య


హాస్టల్
ఆదివారం

మామయ్యా,

నీ ఉత్తరం చదివి ముందు ఏం చేశానో చెప్పనా? నాలుగు ముక్కలు చేసి పరుపు కింద తోశాను. అమ్మ అన్నమాటే నాకూ అనిపించింది. ఎవరికీ తెలియదు కదా, ఊరుకుందాం అని. ఆ పూట బీమ్ ఎక్కాను. ఎక్కి నిలబడ్డానే గానీ కాలు కదలలేదు. మాకు నేర్పే పెద్ద మేడమ్ ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగాలేదని చెప్పి దిగిపోయాను.

అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు. నీ లెక్క తప్పినందుకు కాదు. ఊరుకుందాం అని నాకు అనిపించినందుకు.

కానీ నీ మీద కోపం కూడా వచ్చింది. నువ్వు ఎలా అంటే అలా చేస్తాను అంటావా? నేను వద్దంటే నువ్వు ఊరుకుంటావు, తప్పు నా నోటి నుంచి వచ్చినట్టు అవుతుంది. అందుకే కదా అడిగావు? నీ బరువు తెచ్చి నా నెత్తిన పెట్టకు. నేను మోసేది బీమ్ మీద నన్ను నేను, అదే చాలు.

సెలక్షన్ కమిటీకి నువ్వు రాయి. సీటు పోతే పోనీ అనేంత గొప్పదాన్ని కాను నేను, పోతే ఏడుస్తాను. అయినా రాయి. ఇక్కడ పెద్ద మేడమ్‌కి నేను రేపు చెప్తాను. అమ్మకి నువ్వే చెప్పు, అలిగితే నాలుగు రోజులు నీకు కూర ఉండదు, అంతేగా.

ఉడత


మేడ మీద గది
గురువారం

అమ్మలూ,

రాశాను. తప్పు నాదని, పిల్లలకి తెలియదని, అంకెలు ఏ వరసలో కలిస్తే ఏమవుతుందో కాగితం మీద వేసి చూపించి పంపాను. పక్క క్లబ్బుకి ఇచ్చిన ప్రోగ్రాం కూడా వెనక్కి తీసుకుని సరిచేశాను. వాళ్ళ పాత ఫలితాల్లో ఇలాంటిది లేదు. ఒక్కొక్కటీ రెండుసార్లు చూశాను.

కమిటీ జవాబు వచ్చింది. మీ ఇద్దరికీ మళ్ళీ పోటీ పెడతారట. వెంటనే పెడితే ఇన్నాళ్ళూ అక్కడ నేర్చుకున్న నువ్వే గెలుస్తావు, అది న్యాయం కాదని మీ పెద్ద మేడమ్ అడ్డుపడిందట. అందుకని నువ్వు మూడు నెలలు ఇంటికి వచ్చి, పాత హాల్లో, పాత కోచ్ దగ్గర, తనతో పాటే ప్రాక్టీసు చెయ్యాలి. అప్పటిదాకా మంచం ఖాళీగా ఉంచుతారట. గెలిచినవాళ్ళు వెళ్ళి పడుకోవాలి.

పొడుగు వాళ్ళింటికి కమిటీ వాళ్ళే కబురు పంపారు. లెక్క సంగతి రాయలేదు, కొన్ని కారణాల వల్ల మళ్ళీ పోటీ అని మాత్రం రాశారు. నేను వెళ్ళి చెప్పాలి. వెళ్తాను.

అక్క మాట్లాడటం లేదు. కూర మాత్రం పెడుతోంది.

మామయ్య


హాస్టల్, కిటికీ పక్క మంచం
ఆదివారం

మామయ్యా,

ఇవాళ ఇక్కడ మా పోటీ అయిపోయింది, నువ్వు రాలేదు. అమ్మ వచ్చింది, కోచ్ సార్ వచ్చాడు, కుట్టు అత్త మాత్రం స్కూలు యూనిఫారాల హడావిడిలో రాలేకపోయింది. నీకు ఏ హడావిడీ లేదని నాకు తెలుసు.

ఈసారి కంప్యూటర్ లేదు. నల్లబల్ల మీద సుద్దముక్కతో కోతల్ని పూర్తి అంకెలుగా వేశారు. నాకు రెండు, ఒకటి, ఒకటి. తనకి ఒకటి, ఒకటి, ఒకటి. నాకు నాలుగు, తనకి మూడు.

తేడా ఒకటి. దిగేటప్పుడు నా ఎడమ కాలు పక్కకి జరిగింది. నేను చూశాను, జడ్జీలు చూశారు, అమ్మ కూడా చూసింది. ఏడుస్తానని చెప్పాగా, ఏడ్చాను. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. పొడుగు తలుపు బయట నిలబడి, నీళ్ళు వృథా అవుతున్నాయి, బయటికొచ్చి ఏడు అంది. దాంతో నవ్వొచ్చింది. మంచం మీద దుప్పటి మార్చి తనకి అప్పజెప్పాను. ఈ ఉత్తరం మాత్రం ఆఖరుసారి నా మంచం మీదే కూర్చుని రాస్తానంటే ఒప్పుకుంది. నా వెనక్కి పల్టీ తనకి నేనే నేర్పాను. అది చేసే నన్ను గెలిచింది, దొంగమొహం.

పోయిందని బాధగా ఉంది మామయ్యా. కానీ మెడ తేలిగ్గా ఉంది. ఈ ఓటమి నాది. ఆ గెలుపు నాది కాదు.

ఇక నీ సంగతి. ఈ మూడు నెలలూ నన్ను హాలు గేటు దగ్గర దింపి, బండి కూడా ఆపకుండా పారిపోయావు. పొడుగు పలకరిస్తే నేల చూపులు చూశావు. తనకి లెక్క సంగతి మొదటి రోజే నేను చెప్పాను. వాళ్ళమ్మకి కూడా చెప్పబోతే ఆపింది. "నువ్వు చెప్పినా, నేను చెప్పినా అమ్మ నమ్మదు. ఆ రోజు మైకులో చెప్పినాయన వచ్చి చెప్పాలి" అంది. ఎందుకని అడిగితే, ఊరికే అంది.

నా సిగ్గు ఇక్కడ వదిలేసి వస్తున్నాను. నీది నువ్వే దింపుకోవాలి. ఈ ఉత్తరం ఇవాళే బయల్దేరుతున్న అమ్మ చేతికిస్తున్నాను, నేను రేపు కోచ్ సార్‌తో వస్తాను, సాయంత్రం బస్టాండుకి రా. పెట్టె నువ్వు మొయ్యి. ఇంటికి కాదు, ముందు కొట్టుకి పోదాం. నీ చెయ్యి పట్టుకుంటాను గానీ, మాట మాత్రం నువ్వే మాట్లాడాలి.

ఉడత


కుట్టు కొట్టు, గుండీల బల్ల దగ్గర
సోమవారం

చిరంజీవి పొడుగుకి,

నేను ఉడత మామయ్యని. మీ అమ్మ రాయమంటే ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. ఉడత నా పక్కనే కాపలా ఉంది, పెట్టె ఇంకా గుమ్మంలోనే ఉంది.

నీకు తెలిసిందే మీ అమ్మకి ఇవాళ చెప్పాను. గుడ్డ మడతపెట్టి చూపించి చెప్పాను. మిషన్ తొక్కడం ఆపి మొత్తం విన్నది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. నేను మడిచిన గుడ్డని విప్పుతూ, "అయితే పిల్ల అబద్ధం చెప్పలేదా?" అంది.

అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు ఇంటికి వెళ్ళే దారంతా మేం సమానమే అని నువ్వు చెబుతూనే ఉన్నావట. కంప్యూటర్ అబద్ధం చెబుతుందా, నువ్వే ఏదో తప్పు చేసి దాస్తున్నావని మీ అమ్మ అన్నదట. తప్పు దాచే పిల్లకి ఆటలెందుకని హాలు మాన్పించింది కూడా ఆవిడేనట, మళ్ళీ పోటీ అని కమిటీ పిలిస్తే కాదనలేక పంపిందట. నువ్వే మానేశావని అనుకున్నాను. ఇన్నాళ్ళూ నా సిగ్గు నా పేరు గురించే అనుకున్నాను. ఒక పిల్ల మాట వాళ్ళమ్మకి అబద్ధమైపోయిందని నాకు తోచనే లేదు.

నిన్ను ఏమని క్షమాపణ అడగాలో తెలియడం లేదు. మైకులో పదిమంది ముందు అన్నాను కాబట్టి, కోచ్ సార్‌తో చెప్పి వచ్చే పోటీ రోజున అదే హాల్లో, అదే మైకులో, జరిగింది జరిగినట్టు చెబుతాను. నువ్వు సెలవులకి వచ్చినప్పుడు నీ ఎదురుగా కూడా చెబుతాను, ఈసారి నేల చూపులు చూడకుండా.

మీ అమ్మ తనే రాద్దామని కలం తీసుకుని, నాలుగైదుసార్లు కాగితం మీద పెట్టి, నాకిచ్చేసింది. "నువ్వు చెప్పిన మాటకే కదా అప్పుడు విలువిచ్చాను, ఇప్పుడూ నువ్వే రాయి" అని నాతో అంది. అందుకని రాస్తున్నాను. ఆ రోజు నువ్వు చెప్పింది నిజం. మీ ఇద్దరూ సమానమే.

రాసింది మీ అమ్మకి చదివి వినిపించాను. గుండీ కుడుతూనే విన్నది. చివరి రెండు మాటల దగ్గరికి వచ్చేసరికి సూది ఆపి, ఇంకోసారి చదవమంది.

ఉడత మామయ్య